కృష్ణా డెల్టాలో చామంతి: పూత దశలో ఉష్ణోగ్రత యాజమాన్యం

దసరా నవరాత్రులలోను, ఆ వెంటనే వచ్చే కార్తిక మాసంలోను విజయవాడ పూల మార్కెట్‌లో చామంతికి గిరాకీ అధికంగా ఉంటుంది. ఇంద్రకీలాద్రిపై ఉత్సవాలు జరిగే రోజుల్లో పూలు కోతకు వస్తే రైతుకు మంచి ధర లభిస్తుంది. అదే తోట రెండు వారాలు ఆలస్యంగా పూస్తే అదనపు ధర చేజారిపోతుంది. పాలీహౌస్ నిర్మాణానికి పెట్టుబడి పెట్టిన రైతుకు ఈ రెండు వారాల తేడా ఆ ఏటి లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

మొక్కలు ఏపుగా పెరిగి, ఆకులు పచ్చగా ఉండి, తెగుళ్లు లేకపోయినా పండుగ నాటికి మొగ్గలు విచ్చుకోకపోవడం డెల్టా ప్రాంతంలో ఎదురయ్యే సమస్య. ఎరువుల లోపమో, నారు నాణ్యత లోపమో దీనికి కారణమని సాధారణంగా భావిస్తారు. కాని పూమొగ్గ ఏర్పడే వారాలలో రాత్రి ఉష్ణోగ్రత ఎక్కువగా ఉండటం ఇందుకు ప్రధాన కారణాలలో ఒకటి. దీనిని ఉష్ణ విలంబం అనవచ్చు. ఇది ఎందుకు వస్తుందో, డెల్టా వాతావరణంలో దీనిని ఎంతవరకు తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించలేమో ఈ వ్యాసం వివరిస్తుంది.

పగటి నిడివి – పూత

చామంతి హ్రస్వదీప్తి మొక్క. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడు మాత్రమే పూతకు వస్తుంది. పగటి నిడివికీ పూతకూ గల సంబంధాన్ని తొలుత గుర్తించిన వారిలో ఫ్రాన్స్‌కు చెందిన జూలియన్ టూర్నువా ఒకరు. గాజు గృహంలో పెంచిన హాప్స్ జాతి తీగ, గంజాయి మొక్కలు తక్కువ వెలుతురు గంటలలో త్వరగా పూయడాన్ని ఆయన 1912లో గమనించారు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు, సోయాచిక్కుడు తదితర పంటలపై ప్రయోగాలు జరిపి 1920లో కాంతికాలావధి సూత్రాన్ని ప్రకటించారు. మొక్క వాస్తవంగా కొలిచేది పగటిని కాదనీ, అంతరాయం లేని చీకటినేననీ తరువాతి పరిశోధనలు నిరూపించాయి. రాత్రి మధ్యలో కొంతసేపు దీపాలు వెలిగిస్తే చామంతి పూతకు రాకపోవడానికి ఇదే కారణం.

చామంతిలో పూమొగ్గ ఏర్పడటానికి పగటి నిడివి సుమారు పదమూడున్నర గంటల కంటె తక్కువగా ఉండాలి. ఏర్పడిన మొగ్గ పెరిగి విచ్చుకోవడానికి ఇంకా చిన్న పగలు అవసరం. ఈ హద్దులు రకాన్ని బట్టి మారుతాయి. హ్రస్వదినాలు మొదలైన నాటి నుండి పూలు విచ్చుకునే వరకు పట్టే వారాల సంఖ్యను బట్టి రకాలను ఏడు వారాల రకం, ఎనిమిది వారాల రకం, పది వారాల రకం అని వర్గీకరిస్తారు. అనుకూల ఉష్ణోగ్రతలో లెక్కించిన వారాలివి అని గుర్తుంచుకోవాలి.

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ జూన్ మూడవ వారంలో అత్యంత దీర్ఘమైన పగలు కూడా సుమారు 13 గంటల 6 నిమిషాలే. ఆగస్టు 10 నాటికి ఇది 12 గంటల 45 నిమిషాలకు, అక్టోబరు మధ్యకు 11 గంటల 47 నిమిషాలకు తగ్గుతుంది. ఉదయ, సాయం సంధ్యలలోని వెలుగును కలిపితే జూన్, జూలై నెలల్లో మొక్కకు అందే పగలు హద్దుకు దగ్గరగా ఉంటుంది. ఆగస్టు నుండి హద్దుకు లోపలే ఉంటుంది. అంటే చామంతిని శాస్త్రీయంగా సాగు చేసే ఉత్తర దేశాలలో వేసవి పూతకు అడ్డు పగటి నిడివి కాగా, కృష్ణా డెల్టాలో అంతకు మించిన అడ్డు ఉష్ణోగ్రత. అక్కడి సాగు పద్ధతులను యథాతథంగా ఇక్కడ అనుసరించడం సరికాదు.

పూతపై ఉష్ణోగ్రత ప్రభావం

పూమొగ్గ ఏర్పడటానికి రాత్రి ఉష్ణోగ్రత 16 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండటం చాలా రకాలకు అనుకూలం. పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటినా, రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు పైగా ఉన్నా పూత ఆలస్యమవుతుంది. హ్రస్వదినాలు మొదలైన తొలి మూడు నాలుగు వారాలు అత్యంత కీలకం. ఆ తరువాత వేడి ఎదురైతే మొగ్గ పెరుగుదల మందగించి, పువ్వు పరిమాణం తగ్గుతుంది.

ఈ విలంబం వెనుక స్పష్టమైన జీవక్రియ ఉంది. హ్రస్వదినాలలో ఆకులలో పూతను ప్రేరేపించే ప్రోటీన్ తయారై, కొమ్మ చివరకు చేరుతుంది. ఈ ప్రోటీన్‌కు మూలమైన జన్యువు పనితీరు అధిక ఉష్ణోగ్రతలో అణగిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధనలో తెలిపారు. రాత్రి ఎంత దీర్ఘమైనా, వేడి వల్ల ఆ సంకేతం ఆకులోనే బలహీనపడుతుంది. కనుక నీరు, ఎరువులు పెంచినంత మాత్రాన ఈ ఆలస్యం తొలగిపోదు.

దీనికి తోడు రాత్రి వేడి శ్వాసక్రియను పెంచుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది. పగలు తయారైన పిండిపదార్థాలలో ఎక్కువ భాగం రాత్రి ఖర్చయిపోవడం వల్ల కాడలు సన్నబడతాయి, పూలు చిన్నవవుతాయి.

ఉష్ణ విలంబాన్ని తోటలో ఈ లక్షణాల ద్వారా గుర్తించవచ్చు.

- ఒకే రోజు నాటిన, ఒకే రకం మొక్కలలో మొగ్గలు వేర్వేరు దశలలో ఉండటం.
- కొమ్మ చివర ఏర్పడిన మొగ్గ ముందుకు సాగక ఆగిపోయి, దాని కింది నుండి ఆకుల కొమ్మలు పుట్టడం.
- మొగ్గ కింద చిన్న ఆకులు అధికంగా ఏర్పడటం, మొగ్గ బల్లపరుపుగా మారటం.
- గులాబి, ఎరుపు, రాగి రంగు పూలు వెలిసిపోయినట్లు కనబడటం.

చివరి లక్షణానికి కారణం ఆంథోసయనిన్ వర్ణకాలు వేడిలో తక్కువగా తయారవడమే. పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్ వర్ణకాలపై ఈ ప్రభావం తక్కువ. కాబట్టి దసరాకు ఉద్దేశించిన పంటలో పసుపు, తెలుపు రకాలను ఎంచుకోవడం శ్రేయస్కరం. మార్కెట్ అవసరం కూడా అదే. గులాబి, ఎరుపు రకాలను డిసెంబరు, జనవరి పూతకు కేటాయించాలి.

డెల్టా వాతావరణం – చల్లబరచే పద్ధతుల పరిమితి

విజయవాడ పరిసరాలలో మే నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు, కనిష్ఠం సుమారు 28 డిగ్రీలు ఉంటుంది. ఆగస్టులో పగటి వేడి 33 డిగ్రీల ప్రాంతానికి తగ్గినా, రాత్రి కనిష్ఠం 26 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అక్టోబరులో కనిష్ఠం 24 డిగ్రీలకు, డిసెంబరు, జనవరి నెలల్లో 19 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. మదనపల్లె వంటి ఎత్తయిన ప్రాంతాలలో చామంతి సులువుగా పూయడానికీ, డెల్టాలో ఇబ్బంది పడటానికీ ముఖ్య కారణం ఈ రాత్రి ఉష్ణోగ్రతలో ఉన్న తేడాయే.

పాలీహౌస్‌లో ఫ్యాన్–ప్యాడ్ పద్ధతి అమర్చితే సమస్య తీరుతుందని పలువురు భావిస్తారు. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని గ్రహించడం ఈ పద్ధతికి ఆధారం. గాలిని ఎంత చల్లబరచవచ్చో తడి బల్బు ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. అంతకు దిగువకు ఈ పద్ధతిలో ఉష్ణోగ్రతను తగ్గించడం సాధ్యం కాదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ తడి బల్బు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతకు చేరువవుతుంది. ప్యాడ్ సామర్థ్యం 80 శాతంగా తీసుకొని లెక్కించిన ఉదాహరణలు పట్టికలో ఉన్నాయి.

పట్టిక: వివిధ పరిస్థితులలో ప్యాడ్ దాటిన గాలి ఉష్ణోగ్రత (లెక్కించిన విలువలు, డిగ్రీల సెంటీగ్రేడు)

| పరిస్థితి | గాలి ఉష్ణోగ్రత | తేమ శాతం | తడి బల్బు | ప్యాడ్ దాటిన గాలి |
|---|---|---|---|---|
| వేసవి మధ్యాహ్నం, పొడిగాలి | 40 | 30 | 26 | 29 |
| వేసవి మధ్యాహ్నం, తేమగాలి | 40 | 40 | 28.5 | 31 |
| వర్షాకాలం మధ్యాహ్నం | 34 | 70 | 29 | 30 |
| వర్షాకాలం రాత్రి | 28 | 85 | 26 | 26 |

వేసవి పొడిగాలిలో 11 డిగ్రీల వరకు తగ్గుదల సాధ్యమైనా, వర్షాకాలం మధ్యాహ్నం అది 4 డిగ్రీలకు, రాత్రి 2 డిగ్రీలకు పరిమితమవుతుందని పట్టిక తెలుపుతోంది. దసరా పంటకు మొగ్గ ఏర్పడేది ఆగస్టులో. అప్పటి రాత్రి ఉష్ణోగ్రతను ఫ్యాన్–ప్యాడ్ పద్ధతి ద్వారా 18 డిగ్రీలకే కాదు, 25 డిగ్రీలకు తేవడం కూడా కష్టం. పైగా రాత్రివేళ ఫ్యాన్లు, ప్యాడ్లు నడిపితే తేమ దాదాపు పూర్తి స్థాయికి చేరి, ఆకులపై నీటి పొర ఏర్పడి, ఆకుమచ్చ తెగులుకు అనుకూల పరిస్థితి కలుగుతుంది. విద్యుత్ ఖర్చు దీనికి అదనం. ఫాగర్లకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది.

కనుక డెల్టాలో ఉష్ణోగ్రత యాజమాన్యం అంటే ముఖ్యంగా మూడు అంశాలు: వేడి లోపల నిలవకుండా చూడటం, నల్లగుడ్డ కప్పే వేళను మార్చడం, నాటే తేదీని సరిగా నిర్ణయించడం.

వేడి నిలవకుండా చేసే నిర్మాణం

పూర్తిగా మూసి ఉండే పాలీహౌస్ కంటె, పైకప్పు మాత్రమే ఉండి పక్కలు తెరిచి ఉన్న వాన రక్షణ కప్పు డెల్టా వర్షాకాలానికి అనువైనది. ఇది పూలను వాన నుండి కాపాడుతుంది, వేడిని బంధించదు. ఇప్పటికే పాలీహౌస్ ఉన్నవారు పైభాగపు గాలి ద్వారాలను పగలు, రాత్రి పూర్తిగా తెరచి ఉంచాలి. వేడెక్కిన గాలి తేలికై పై ద్వారం గుండా పోతూ, పక్కల నుండి చల్లని గాలిని లోపలకు లాగుతుంది. పక్క తెరలను గాలివాన సమయంలో తప్ప దించరాదు. పురుగులు రాకుండా అమర్చే సన్నకన్ను వల గాలి కదలికను గణనీయంగా తగ్గిస్తుంది. వల వాడక తప్పనప్పుడు దాని వైశాల్యం పెంచాలి. వలపై పట్టిన దుమ్మును తరచుగా కడగాలి.

కదిలే నీడ తెరలు ఉంటే ఉదయం 11 గంటల నుండి సాయంత్రం 3 గంటల వరకు మాత్రమే పరచాలి. రోజంతా నీడ ఉంచితే కిరణజన్య సంయోగక్రియ తగ్గి కాడలు బలహీనమవుతాయి. సూర్యాస్తమయం కాగానే తెరలను పూర్తిగా తొలగించాలి. రాత్రివేళ ఆకులు తమ వేడిని ఆకాశం వైపు వికిరణం ద్వారా కోల్పోతాయి. పైన తెర ఉంటే ఈ ఉపశమనం తగ్గిపోతుంది.

బిందు సేద్యం ద్వారా నీటిని ఉదయం వేళ అందించాలి. వేళ్లకు చాలినంత తేమ ఉంటే పత్రరంధ్రాలు తెరచి ఉండి, భాష్పోత్సేకం వల్ల ఆకు చల్లబడుతుంది. మధ్యాహ్నం నీటి ఎద్దడికి గురైన మొక్కలో ఆకు ఉష్ణోగ్రత గాలి కంటె ఎక్కువవుతుంది. సాయంత్రం ఆకులపై నీరు చల్లడం మానాలి.

డెల్టా నల్లరేగడి నేలల్లో నీరు నిలవడం మరొక ప్రమాదం. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక ప్రాంతాలు నీట మునిగాయి. దసరాకు మొగ్గ తొడిగే సమయం అదే. కాబట్టి ఎత్తయిన మడులు, మురుగు కాలువలు ఉష్ణోగ్రత యాజమాన్యంతో సమానంగా అవసరం. వేళ్లకు గాలి అందని మొక్క పైనున్న వేడిని తట్టుకోలేదు.

నల్లగుడ్డ కప్పే వేళ

జూలైలోనే హ్రస్వదినాలు కల్పించవలసి వచ్చినప్పుడు మడులపై నల్లగుడ్డ కప్పుతారు. సాయంత్రం 5 గంటలకు కప్పి ఉదయం తీయడం పాత అలవాటు. శీతల దేశాలలో కూలీల పనివేళకు ఇది సరిపోయింది. విజయవాడలో జూలై సాయంత్రం 5 గంటలకు ఎండ ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఆ సమయంలో నల్లగుడ్డ కప్పితే దాని కింద చిక్కుకున్న వేడి, రాత్రి తొలి గంటలలో మొక్క చుట్టూ నిలుస్తుంది. చీకటి సంకేతం అందవలసిన వేళలోనే వేడి దానిని అణచివేస్తుంది.

మొక్కకు కావలసినది అంతరాయం లేని సుమారు 13 గంటల చీకటి. దానిని సాయంత్రం వైపు నుండి పొడిగించాలన్న నియమం లేదు. జూలై మూడవ వారంలో విజయవాడలో సూర్యాస్తమయం సుమారు 6 గంటల 43 నిమిషాలకు, సూర్యోదయం సుమారు 5 గంటల 46 నిమిషాలకు అవుతుంది. సంధ్యా కాంతిని మినహాయిస్తే సుమారు రాత్రి 7 గంటల నుండి చీకటి మొదలవుతుంది. రాత్రంతా మడులను తెరచి ఉంచి, తెల్లవారుజామున 5 గంటలకు ముందే నల్లగుడ్డ కప్పి, 8 గంటలకు తీస్తే 13 గంటల చీకటి పూర్తవుతుంది. గుడ్డ కప్పి ఉండే సమయం రోజులో అత్యంత చల్లని వేళ అవుతుంది.

ఈ పద్ధతిలో ఒక నష్టం ఉంది. కిరణజన్య సంయోగక్రియకు అనుకూలమైన ఉదయపు చల్లని వెలుతురు రెండు గంటలు తగ్గుతుంది. అయితే సాయంత్రపు వేడిని బంధించడం వల్ల కలిగే ఆలస్యంతో పోల్చితే దీనిని భరించవచ్చు. తెల్లవారుజామున కూలీలు దొరకనిచోట రాత్రి 7 గంటల తరువాత కప్పి, ఉదయం 8 గంటలకు తీయడం మధ్యే మార్గం. గుడ్డ మొక్కలను తాకకుండా, కింది అంచున గాలి ఆడేలా ఎత్తులో కట్టాలి. మొగ్గలు రంగు చూపే వరకు ఒక్కరోజు కూడా మానకుండా కొనసాగించాలి.

పండుగ తేదీ నుండి వెనక్కి లెక్క

విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. అధిక జ్యేష్ఠం కారణంగా 2026లో అది అక్టోబరు మూడవ వారానికి జరుగుతుంది. ఏటా ఒకే తేదీన నాటే రైతు ఒక సంవత్సరం ముందుగాను, మరొక సంవత్సరం ఆలస్యంగాను పూలు కోయడానికి ఇది ఒక కారణం. కాబట్టి విస్తరణ సిబ్బంది నాటే తేదీని పంచాంగంతో కలిపి సూచించాలి.

ఎనిమిది వారాల రకాన్ని ఉదాహరణగా తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 2025లో కోత సెప్టెంబరు 25న మొదలు కావాలంటే హ్రస్వదినాలు జూలై 31 నాటికి ఆరంభం కావాలి. ఉష్ణ విలంబానికి 10 రోజులు కలిపితే జూలై 21 అవుతుంది. కొమ్మ పెరుగుదలకు నాలుగు వారాలు అవసరం కనుక, వేళ్లూనిన కత్తిరింపులను జూన్ 23 ప్రాంతంలో నాటాలి. 2026లో కోత అక్టోబరు 12న మొదలు కావాలంటే ఇదే లెక్కన హ్రస్వదినాలు ఆగస్టు 7న, నాటడం జూలై 10 ప్రాంతంలో జరగాలి. ఆలస్యంగా వచ్చే దసరా డెల్టా రైతుకు అనుకూలం. ముందుగా వచ్చే దసరాకు నల్లగుడ్డ తప్పనిసరి, నష్టభయం ఎక్కువ.

పది రోజుల అదనం స్థిరమైన సంఖ్య కాదు. రకాన్ని, ఆ ఏటి వానలను బట్టి అది మారుతుంది. ఒకే తేదీన తోటంతా నాటకుండా, వారం తేడాతో రెండు లేదా మూడు విడతలుగా నాటితే నష్టభయం తగ్గుతుంది.

నాటిన తొలి నాలుగు వారాలు మొక్క పూతకు రాకుండా చూడాలి. ఇక్కడి సహజమైన పగలు అందుకు చాలదు. రాత్రి 10 గంటల నుండి 2 గంటల వరకు మొక్కల చివర్ల వద్ద సుమారు 100 లక్స్ కాంతి పడేలా దీపాలు అమర్చాలి. ఎరుపు కాంతి అధికంగా ఉన్న ఎల్‌.ఇ.డి. దీపాలు తక్కువ విద్యుత్తుతో ఈ పని చేస్తాయి, వేడినీ పెంచవు. దీపాలు ఆపిన రోజే హ్రస్వదినాల ఆరంభం. ఆ తేదీని తప్పక నమోదు చేయాలి. తరువాత వీధి దీపం, ప్రహరీ దీపం వెలుగు కూడా మడులపై పడరాదు.

కొలత, నమోదు

ఉష్ణోగ్రత మాపకాన్ని గోడకు కాక, మొక్కల కొమ్మ చివర్ల ఎత్తులో, ఎండ నేరుగా తగలకుండా తెల్లని గూడులో వేలాడదీయాలి. ఎండ తగిలిన మాపకం చూపేది గాలి ఉష్ణోగ్రత కాదు. గరిష్ఠ–కనిష్ఠ ఉష్ణోగ్రతలను రోజూ ఉదయం ఒకే వేళకు రాయాలి. తడి, పొడి బల్బుల మాపకాల జత ఒకటి ఉంటే, ఫ్యాన్లు నడపడం ప్రయోజనకరమో కాదో అప్పటికప్పుడు తెలుస్తుంది. రెండు బల్బుల మధ్య తేడా 4 డిగ్రీల కంటె తక్కువైతే ప్యాడ్లకు నీరు ఆపి, గాలి ద్వారాలు తెరవడమే మేలు.

దీపాలు ఆపిన తేదీ, తొలి మొగ్గ కనిపించిన తేదీ, రంగు చూపిన తేదీ, ఆ మధ్య రాత్రి కనిష్ఠాల సగటు అన్న నాలుగు వివరాలను మూడు సంవత్సరాలు నమోదు చేస్తే, ఆ గ్రామానికి, ఆ రకానికి వర్తించే విలంబపు అంచనా రైతు చేతిలోనే ఉంటుంది. ఇతర ప్రాంతాల సిఫారసుల కంటె అది నమ్మదగినది. విద్యార్థుల క్షేత్ర అనుభవ కార్యక్రమంలో చేర్చదగిన సరళమైన అధ్యయనం కూడా ఇది.

ముగింపు

కృష్ణా డెల్టాలో అక్టోబరు రెండవ పక్షం తరువాత మొగ్గ తొడిగే చామంతికి సహజ వాతావరణమే సహకరిస్తుంది. సంక్రాంతి మార్కెట్‌కు ఉద్దేశించిన పంటకు ఖరీదైన నిర్మాణాలు అవసరం లేదు. వేసవిలో, అంటే ఏప్రిల్ నుండి జూన్ వరకు పూత పొందాలనే ప్రయత్నం ఈ ప్రాంతంలో లాభసాటి కాదు. ఆ నెలలలో పాలీహౌస్‌ను తల్లి మొక్కల సంరక్షణకు లేదా నేలను ఎండ వేడితో శుద్ధి చేయడానికి వాడుకోవాలి. దసరా పంట ఈ రెండింటి మధ్య ఉంది. అది సాధ్యమే గాని, తేదీల లెక్క తప్పితే నష్టం తప్పదు.

చల్లబరచే యంత్రాలకు పెట్టుబడి పెట్టే ముందు తమ తోటలో ఆగస్టు రాత్రుల తడి బల్బు ఉష్ణోగ్రతను కొలవమని రైతుకు సూచించడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి కర్తవ్యం. ఆ ఒక్క సంఖ్య ఆధారంగా యంత్రం అవసరమా, లేక నాటే తేదీ మార్చడం చాలునా అన్నది తేల్చుకోవచ్చు.